కారు బాగైంది, మరి చెయ్యి?

ప్రశ్న: నాలుగు నెలల కింద 65వ నంబరు హైవే మీద, చౌటుప్పల్ దగ్గర మా కారును లారీ వెనక నుంచి గుద్దింది. ఎఫ్ఐఆర్ అయింది. మా ఇన్సూరెన్స్‌తోనే కారు బాగు చేయించుకున్నాం, 38 వేలు చేతి నుంచి పడ్డాయి. పక్క సీట్లో ఉన్న నా భార్యకు (38 ఏళ్లు) కుడి మణికట్టు విరిగి ప్లేటు వేశారు. తను ఇంట్లోనే బట్టలు కుట్టి నెలకు 15 వేల దాకా సంపాదించేది. లారీ ఓనరు 50 వేలిస్తా, రాజీ కాగితం మీద సంతకం పెట్టండి అంటున్నాడు. పెట్టొచ్చా? – ఒక పాఠకుడు, సూర్యాపేట

జవాబు: పెట్టకండి. ముందు ఆమె చేతి లెక్క చూద్దాం.

మెడికల్ బోర్డు సర్టిఫికెట్‌లో వైకల్యం ఎంత శాతమని రాసినా, ట్రిబ్యునల్ (ప్రమాద పరిహారం తేల్చే కోర్టు) చూడాల్సింది దానివల్ల సంపాదన ఎంత తగ్గిందన్నది. 2011లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టంగా చెప్పింది. మణికట్టు పూర్తిగా తిరగకపోతే గుమాస్తాకు పెద్ద తేడా ఉండదు. కత్తెర పట్టి బట్ట కత్తిరించాల్సిన మనిషికి అదే జీవనాధారం. ట్రిబ్యునల్ సంపాదన నష్టాన్ని 20 శాతంగా ఒప్పుకుందనుకోండి. నెలకు 15 వేలు, 40 ఏళ్లలోపు సొంత పని చేసుకునేవాళ్లకు భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలిపితే 21 వేలు. అంటే ఏడాదికి 2 లక్షల 52 వేలు. ఆమె వయసుకు గుణకం (ఏడాది సంపాదనను ఎన్నిసార్లు లెక్కగట్టాలో చెప్పే అంకె) 15. ఆ రెండూ గుణించి, అందులో 20 శాతం తీస్తే మొత్తం 7 లక్షల 56 వేలు. ఆస్పత్రి ఖర్చు, నొప్పికి పరిహారం, పిటిషన్ వేసిన నాటి నుంచి వడ్డీ దీనికి అదనం. ఇంత కచ్చితంగా వస్తుందని నేను మాట ఇవ్వడం లేదు, కానీ 50 వేలు ఎంత తక్కువో తెలుస్తుంది కదా.

టైలరింగ్‌కు జీతం స్లిప్పు ఎక్కడిది అంటారేమో. ఆమె కొలతలు రాసుకునే నోటుబుక్కు తీసి పెట్టండి. ఎవరి జాకెట్టు, ఏ తేదీకి ఇవ్వాలి, ఎంత తీసుకున్నారు అని రాసున్న పేజీలు, ప్రమాదం తర్వాత ఖాళీగా మిగిలిన పేజీలు రెండూ సాక్ష్యమే. ఫోన్‌పే స్టేట్‌మెంట్, ఇద్దరు కస్టమర్ల సాక్ష్యం తోడైతే మరీ మంచిది.

గడువు ముఖ్యం. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం, ప్రమాదం జరిగిన ఆరు నెలల్లో పిటిషన్ వేయాలి. ఆ నిబంధన మీద సుప్రీంకోర్టులో వివాదం ఉంది గానీ, దాన్ని నమ్ముకుని కూర్చోకండి. మీకింకా రెండు నెలలుంది. వైకల్యం సర్టిఫికెట్ తర్వాతైనా పెట్టుకోవచ్చు, ముందు పిటిషన్ పడాలి. ప్రమాదం చౌటుప్పల్‌లో జరిగినా, మీరుండే సూర్యాపేటలోనే వేసుకోవచ్చు. స్టేషన్ నుంచి ఎఫ్ఐఆర్, పంచనామా, ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) రిపోర్టు, లారీ ఇన్సూరెన్స్ కాపీ తీసుకోండి. పాలసీ ప్రమాదం నాటికి అమల్లో ఉందా లేదా తేదీలు చూడండి. పాలసీ అమల్లో లేకపోవడమే ఓనరు తొందర వెనక ఒక్కోసారి ఉండే కారణం.

ఇక కారు. పాలసీలో జీరో డిప్రిసియేషన్ (భాగాల పాతదనానికి కోత పెట్టని సదుపాయం) లేకపోతే బంపర్ లాంటి ప్లాస్టిక్ భాగాలకు సగం కోత పెడతారు, మీ 38 వేలలో ఎక్కువ అదే అయ్యుంటుంది. మీ కంపెనీ ఇచ్చింది మళ్లీ అడగకూడదు గానీ, చేతి నుంచి పెట్టింది లారీ ఇన్సూరెన్స్ నుంచి అడగొచ్చు. కారు మీ పేరు మీదుంటే ఆ పిటిషన్ మీరే వేరుగా వేయాలి. అయితే క్లెయిమ్ తీసుకునేటప్పుడు 'ఫుల్ అండ్ ఫైనల్' (ఇక ఏమీ అడగను) అన్న కాగితం మీద సంతకం పెట్టారేమో చూసుకోండి. అవతలి వకీలు ముందు పట్టుకునేది దాన్నే. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మాత్రం, తప్పు మీది కాకపోయినా పోయినట్టే.

లారీ ఓనరుకు నిజంగా రాజీ కావాలంటే పిటిషన్ పడ్డాక లోక్ అదాలత్‌కు రమ్మనండి. లారీ పాలసీ అమల్లో ఉంటే అక్కడ డబ్బిచ్చేది ఇన్సూరెన్స్ కంపెనీ, ఆయన 50 వేలు ఆయన దగ్గరే ఉంటాయి.