పెద్దవాళ్లకు టీవీ, పేపర్ల నుంచి అసలు ఏం కావాలి?

అమ్మానాన్నలు రోజంతా టీవీ ముందే ఉంటారు, అయినా "ఏమీ చెప్పట్లేదు వీళ్లు" అని విసుక్కుంటారు, వాళ్లకు ఏం కావాలో తెలియట్లేదు అని ఒకరు నన్ను అడిగారు. మా నాన్నగారు రైల్వేలో చేసి రిటైరయ్యారు, ఎనభై దాటాయి. ఆయనతో ఉంటూ గమనించినవి చెబుతాను.

ముందు మాట వినపడాలి. వార్తలు చదివే గొంతు వెనక సినిమా ఫైటుకు వేసినట్టు మ్యూజిక్ వేస్తారు. చెవి మందగించిన మనిషికి ఆ మోతలో మాట కలిసిపోతుంది, సౌండ్ పెంచితే మోత కూడా పెరుగుతుంది. పోనీ కింద స్క్రోలింగ్ చదువుదామంటే కళ్లద్దాలు సర్దుకునేలోపు సగం వెళ్లిపోతుంది. అదే ఆకాశవాణి ప్రాంతీయ వార్తలు పెడితే నాన్నగారు ఒక్క ముక్క వదలరు. ఒకే గొంతు, నిదానంగా, రోజూ అదే టైముకి. ఇంట్లో రేడియో లేకపోయినా ఫోన్‌లో న్యూస్ ఆన్ ఎయిర్ యాప్ వేసి పెట్టండి, విజయవాడ, హైదరాబాద్ కేంద్రాలు వస్తాయి.

తర్వాత, వాళ్లకు సంబంధించిన విషయం పూర్తిగా చెప్పాలి. నాకు బాగా కోపం తెప్పించేది ఇక్కడే. నవంబరు దగ్గర పడితే యూట్యూబ్ నిండా "పెన్షనర్లకు షాక్", "పెన్షన్ బంద్" అని ఎర్రక్షరాలు. ఏ పెన్షనర్లకో, కేంద్రమో రాష్ట్రమో చెప్పరు. నాన్నగారు టెన్షన్ పడి ఆ రాత్రి సరిగ్గా అన్నం తినలేదు. చెప్పాల్సింది నిజానికి రెండు ముక్కలే: ఎనభై దాటిన కేంద్ర పెన్షనర్లు లైఫ్ సర్టిఫికెట్ (పెన్షన్ ఆగకుండా, బతికే ఉన్నామని ఏటా ఇచ్చే రుజువు) అక్టోబరు 1 నుంచే ఇవ్వొచ్చు, వేలిముద్ర పడకపోతే ఫోన్‌లో ముఖం చూపించి ఇచ్చే పద్ధతి 2021 నుంచే ఉంది. నాన్నగారి వేళ్ల గీతలు అరిగిపోయాయి, మిషన్ ఒప్పుకోదు. ఆయనకు ఎంతో పనికొచ్చే ఈ సంగతి ఏ ఛానలూ చెప్పలేదు, పెన్షనర్ల సంఘంలో ఒకాయన చెప్పారు.

పెద్దవాళ్లంటే భక్తి ఛానల్ పెట్టేస్తే చాలనుకుంటారు చాలామంది. అమ్మకు తిరుమల కల్యాణోత్సవం ప్రసారం ఇష్టమే, కాదనను. కానీ అమ్మే అసెంబ్లీ సమావేశాలు కూడా చూస్తుంది, ధరల గురించి వాదిస్తుంది. పేపర్ రాగానే ముందు తీసేది జిల్లా పేజీ: కరెంటు ఎప్పుడు పోతుంది, ఏ ఆసుపత్రిలో కంటి క్యాంపు, తెలిసినవాళ్లు ఎవరైనా పోయారా. ఆ అక్షరాలు ఇంకాస్త పెద్దవిగా వేస్తే ఎంత బాగుంటుందో.

పోలీసులమంటూ ఫోన్‌లో బెదిరించి డబ్బు గుంజే డిజిటల్ అరెస్ట్ మోసాల వార్తలూ అంతే. ఎన్ని లక్షలు పోయాయో గంటసేపు చెబుతారు, అలాంటి ఫోన్ వస్తే పెట్టేసి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలన్నది చివర్లో హడావిడిగా. నేను ఆ నంబరు పెద్దక్షరాలతో రాసి టీవీ పక్కన గోడకు అంటించాను.

ఓ రెండు సాయంత్రాలు మీ వాళ్ల పక్కన కూర్చుని, ఎక్కడ ఛానల్ మారుస్తున్నారో, ఎక్కడ సౌండ్ పెంచుతున్నారో చూడండి. ఆ తర్వాత అడగండి, వాళ్లే చెబుతారు.