‘తార’ మన పేరా, ఐరిష్ పేరా?

పాపకి ‘తార’ అని పెడదామంటే అమెరికాలో మీ ఆఫీసువాళ్లు అది ఐరిష్ పేరు అంటున్నారు, ఇంట్లో పెద్దవాళ్లేమో చంద్రుడి కథ ఎత్తి వద్దంటున్నారు అని అడిగారు. రెండిటికీ జవాబుంది.

ఐర్లాండులో ‘తారా’ మొదట మనిషి పేరు కాదు, ఒక చోటి పేరు. మీత్ కౌంటీలో పూర్వం రాజులకు పట్టాభిషేకం జరిగిందని చెప్పుకునే గుట్ట అది. పాత ఐరిష్ రాతల్లో దాని రూపం ‘టెమైర్’. అది ఇంగ్లీషువాళ్ల నోట్లో పడి తారా అయింది. ‘గాన్ విత్ ద విండ్’ నవలలో (1936) ఐర్లాండు నుంచి వచ్చిన నాయిక తండ్రి తన పత్తి తోటకి ఆ గుట్ట పేరే పెట్టుకుంటాడు. 1939లో సినిమా వచ్చాక అమెరికాలో ఆడపిల్లలకి ఆ పేరు బాగా వాడుకలోకి వచ్చింది. మన తారకీ దానికీ చుట్టరికం లేదు, పలుకు కలిసిందంతే. రెండు పేర్లు ఒకటో కాదో తేల్చాలంటే ఇప్పటి స్పెల్లింగు కాదు, దొరికినంతలో అతి పాత రూపం చూడాలి.

నిజమైన చుట్టరికం టిబెట్‌తో ఉంది. బౌద్ధుల తారాదేవి అంటే దాటించే తల్లి. అక్కడివాళ్లు ఆ పేరుని తమ భాషలోకి మార్చుకుని ‘డోల్మా’ అని ఆడపిల్లలకి పెట్టుకుంటారు.

ఇక పెద్దవాళ్ల అభ్యంతరం. చంద్రుడి కథలోని తార బృహస్పతి భార్య, భర్త శిష్యుడైన చంద్రుడితో వెళ్లిపోయినావిడ. శేషము వేంకటపతి రాసిన ‘తారాశశాంక విజయము’ కావ్యం వల్ల మనవాళ్లకి ముందు ఆవిడే గుర్తొస్తుంది. ఆవిడ కొడుకు బుధుడి వంశంలోనే పాండవులు పుట్టారని కూడా చెప్పండి. రామాయణంలో తార వేరే, వాలి భార్య. సుగ్రీవుడు రెండోసారి వచ్చి వాలిని యుద్ధానికి పిలిచినప్పుడు, వెనక రాముడున్నాడని అంగదుడి వేగులు చెప్పారు, వెళ్లొద్దని వాలికి చెప్పింది ఆవిడే. విని ఉంటే బతికేవాడు. లక్ష్మణుడు మండిపడుతూ కిష్కింధకి వస్తే సుగ్రీవుడు ముందు పంపింది కూడా ఆవిడనే. ‘అహల్యా ద్రౌపదీ సీతా తారా మండోదరీ తథా’ అని రోజూ చదివే శ్లోకంలో ఉన్నది ఈ తారే. ఇంతకన్నా తెలివైన పేరు నాకు తోచదు.

స్పెల్లింగు దగ్గర మాత్రం జాగ్రత్త. మనం ‘త’కి టీ తర్వాత హెచ్ రాస్తాం, అమెరికాలో దాన్ని ‘థారా’ అని చదువుతారు. హెచ్ తీసేస్తే ‘టారా’ అనో ‘టెరా’ అనో అంటారు, అదే నయం, ఒకసారి చెబితే దిద్దుకుంటారు. బర్త్ సర్టిఫికెట్‌లో ఏది రాస్తే పాస్‌పోర్టులోనూ అదే ఉండాలి కాబట్టి ఆస్పత్రిలో ఫారం నింపేలోపే తేల్చుకోండి.