సీసా మీద ‘పల్లీ పాలు’ అని రాస్తే కేసవుతుందా?

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్. మా బాబుకు పాలు పడవు, అందుకని మా ఆవిడ పల్లీలు నానబెట్టి, రుబ్బి, వడగట్టి పాలు తీసేది. పక్కింటివాళ్లు అడగడంతో సీసాల్లో పోసి అమ్మడం మొదలుపెట్టాం, ఇప్పుడు రెండు కిరాణా షాపులకు వేస్తున్నాం. ఫుడ్ ఇన్‌స్పెక్టర్ వచ్చి ‘స్వచ్ఛమైన పల్లీ పాలు’ అన్న స్టిక్కర్ చూసి వెళ్లారు. తర్వాత ఇంప్రూవ్‌మెంట్ నోటీసు వచ్చింది. జైలు దాకా పోతుందా?

జవాబు: పోదు. ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టండి. ఇంప్రూవ్‌మెంట్ నోటీసంటే కేసు కాదు, సరిచేసుకోమని గడువివ్వడం. ఆహార భద్రత చట్టం 32వ సెక్షన్ ప్రకారం ఆ గడువు 14 రోజులకు తగ్గకూడదు, నోటీసే తప్పనిపిస్తే అందిన 15 రోజుల్లో, నోటీసులో ఇచ్చిన గడువు అంతకంటే ముందే ముగిస్తే ఆ లోపే, ఫుడ్ సేఫ్టీ కమిషనర్‌కు అప్పీలు చేసుకోవచ్చు.

అప్పీలు చేయాలా అంటే, నేనైతే వద్దంటాను. మనం కొబ్బరి పాలంటాం, గోధుమ పాలంటాం, జిల్లేడు కొమ్మ విరిస్తే కారేదీ పాలే, వరి కంకి కూడా పాలు పోసుకుంటుంది. చట్టానికి మాత్రం పొదుగు నుంచి పిండినవే పాలు. 2011 నాటి నిబంధనల్లోనే ఆ నిర్వచనం ఉంది, 2021లో ఆన్‌లైన్ అమ్మకాల మీద కూడా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) ఇదే పట్టు పట్టింది. ఎప్పటినుంచో వాడుకలో ఉన్న పేర్లకు మినహాయింపు ఉంది, దానికి వాళ్లిచ్చే ఉదాహరణలు కొబ్బరి పాలు, పీనట్ బటర్. అంటే పల్లీల నుంచి వెన్న రావచ్చు గానీ పాలు రాకూడదన్నమాట! దీని మీద వాదించడానికి నాకూ సరదాగానే ఉంటుంది కానీ, నా ఫీజు మీ సీసాల లాభం కంటే ఎక్కువవుతుంది.

కాబట్టి ‘పల్లీలతో చేసిన పానీయం’ అని కొత్త స్టిక్కర్ వేయించండి. ఆవు బొమ్మ ఉంటే తీసేయండి. ‘వేరుశనగ ఉంది’ అని కనిపించేలా రాయాలి, కొందరికి పల్లీ అసలు పడదు, అది ప్రాణం మీదికి తెచ్చే విషయం. తయారు చేసిన తేదీ, ఎన్నాళ్లలోపు తాగాలో కూడా ఉండాలి. వీగన్ గుర్తు (పాలతో సహా జంతువుల నుంచి వచ్చేదేదీ లేదని చెప్పేది) మీ అంతట మీరు వేయకండి, దానికి వేరే అనుమతి కావాలి. షాపుల్లో ఉన్న పాత సీసాలు వెనక్కి తెచ్చుకుని, కొత్త స్టిక్కర్ ఫొటోతో రాతపూర్వకంగా జవాబిచ్చి, అందినట్టు సంతకం, స్టాంపు తీసుకోండి. నోటిమాట లెక్కలోకి రాదు.

పట్టించుకోకుండా అదే స్టిక్కర్‌తో అమ్మితే 52వ సెక్షన్ కింద 3 లక్షల దాకా జరిమానా పడొచ్చు. అది కూడా అదనపు కలెక్టర్ స్థాయి అధికారి విచారించి వేసేదే, మీకొచ్చిన లాభమెంత, తెలిసి చేశారా తెలియకా అన్నది చూస్తారు.

అసలు నన్ను కంగారు పెట్టేది మీరు రాయని విషయం. ఆహార వ్యాపారానికి రిజిస్ట్రేషన్ ఉందా? ఇంట్లో చేసి అమ్మినా అది ఉండాల్సిందే. చిన్న వ్యాపారులకు ఫీజు ఏడాదికి 100 రూపాయలు, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్ల ఫోస్కాస్ పోర్టల్‌లో మీసేవ వాళ్ల చేత నింపించుకున్నా సరిపోతుంది. లేకపోతే ఈరోజే పెట్టండి, ఆ నంబర్ వచ్చాకే కొత్త స్టిక్కర్ అచ్చు వేయించండి, ఎందుకంటే అది కూడా సీసా మీద ఉండాలి.