గోడలోకి వెళ్లేదానికి అప్పు, గోడ బయట ఉండేదానికి పొదుపు

ప్రశ్న: మేము కొత్త ఇల్లు కట్టుకుంటున్నాం. గోడలకు ఇంకా ప్లాస్టరింగ్ కాలేదు. హాల్లో పెద్ద టీవీ, ఒక గదిలో ప్రొజెక్టరుతో హోమ్ థియేటర్, అన్ని గదుల్లో సంగీతం, లైట్లు, కర్టెన్లు, ఏసీలు, తలుపు తాళాలు ఫోనుతో నడిచే ఆటోమేషన్ అన్నీ కలిపి ఒక సంస్థ ఇచ్చిన కొటేషన్ మా ఇద్దరి 9 నెలల జీతంతో సమానంగా ఉంది. ఇప్పుడే చేయించకపోతే తర్వాత గోడలు పగలగొట్టాల్సి వస్తుందని వారంటున్నారు. ఇంటి రుణం 20 ఏళ్లకు తీసుకున్నాం. ఈ మొత్తాన్ని కూడా అందులోనే కలుపుకోవచ్చని బ్యాంకు చెబుతోంది. చేతిలో 5 నెలల ఖర్చులకు సరిపడా పొదుపు ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: మీకు కొటేషన్ ఇచ్చినవారు చెప్పిన మాటలో సగం నిజముంది. గోడలు పూసేశాక వైర్లు వేయించడం ఖర్చూ, చికాకూ రెండూ ఎక్కువైన పని కనుక, అది ఇప్పుడే జరగాలి. కానీ టీవీ, ప్రొజెక్టరు, ఆంప్లిఫయర్, స్మార్ట్ తాళం గోడలో ఉండేవి కావు. వాటిని మూడేళ్ల తర్వాత కొన్నా ఒక్క ఇటుక కూడా కదలదు. ఈ రెండు రకాల ఖర్చులూ ఒకే అంకెలో కలిసిపోవడమే మీ సందేహానికి మూలం. అందువల్ల ప్రతి వస్తువుకూ మోడల్ నంబరు, ధర, కూలి, ప్రోగ్రామింగ్ రుసుము వేర్వేరుగా చూపిస్తూ కొటేషన్ మళ్లీ ఇవ్వమని ముందుగా ఆ సంస్థను అడగండి. గదికి ఇంత అని గంపగుత్తగా రాసిచ్చిన కాగితంతో బేరమూ ఆడలేరు, ప్రణాళికా వేసుకోలేరు.

ఇక రుణం విషయానికి వస్తే, అప్పు ఎంతకాలం తీరుస్తామో కనీసం అంతకాలం ఆ వస్తువు పనిచేయాలన్నది నేను పాటించే కొలమానం. ఇంటి రుణానికి వడ్డీ తక్కువ కాబట్టి అన్నీ అందులోనే కలిపేస్తే మేలనిపిస్తుంది. లెక్క మాత్రం వేరుగా ఉంటుంది. వడ్డీ 9 శాతం అనుకుంటే, 20 ఏళ్ల కాలానికి తీసుకున్న ప్రతి 100కీ మీరు మొత్తం మీద దాదాపు 216 చెల్లిస్తారు. అంతకన్నా ముఖ్యంగా, 8 ఏళ్లపాటు క్రమం తప్పకుండా వాయిదాలు కట్టిన తర్వాత కూడా ఆ 100లో సుమారు 79 అసలు మిగిలే ఉంటుంది, ఎందుకంటే తొలి ఏళ్లలో వాయిదా సొమ్ములో ఎక్కువ భాగం వడ్డీకే పోతుంది. అప్పటికి ఆ టీవీలోని యాప్‌లకు తయారీదారు అప్‌డేట్లు ఆపేసి ఉండవచ్చు. కొత్తది కొనాల్సిన రోజున పాతదాని అప్పు నాలుగింట మూడు వంతులకు పైగా మీ నెత్తినే ఉంటుంది.

ఈ కొలమానానికి నిలిచేవి కొన్నే, వాటి విషయంలో మాత్రం వెనకాడవద్దు. మొదటిది, ప్రతి స్విచ్ బోర్డుకూ న్యూట్రల్ వైరు, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగ. లైటు ఆర్పి ఉన్నప్పుడు కూడా స్మార్ట్ స్విచ్ ఫోను ఆదేశాలు అందుకునే తన లోపలి రేడియోను నడుపుకోవడానికి కాస్త కరెంటు తీసుకుంటూనే ఉండాలి. అందుకే వాటిలో చాలా రకాలకు న్యూట్రల్ తప్పనిసరి, అది లేకుండా పనిచేసేవాటితో కొన్ని ఎల్‌ఈడీ బల్బులు ఆర్పినా మిణుకుమంటూ ఉంటాయి. ఇప్పుడు స్మార్ట్ స్విచ్చులు కొనకపోయినా, న్యూట్రల్ తీసుకొచ్చి, బోర్డు పెట్టెలు కాస్త లోతైనవి పెట్టిస్తే, పదేళ్ల తర్వాతైనా స్క్రూడ్రైవరుతో పని అయిపోతుంది. రెండోది, టీవీ ఉండే గోడకు, వైఫై పరికరం బిగించే పైకప్పుకు, పని బల్లకు, కెమెరాలు పెట్టదలచిన మూలలకు క్యాట్6 అనే నెట్‌వర్క్ కేబుల్. ఇది 100 మీటర్ల వరకు సెకనుకు 1 గిగాబిట్, సుమారు 55 మీటర్ల వరకు 10 గిగాబిట్ల వేగాన్ని మోయగలదు. ఇంట్లో ఇంతకు మించిన దూరం సాధారణంగా ఉండదు. మూడోది, స్పీకర్లు వచ్చే చోట్లకు మంచి రాగి స్పీకర్ వైరు.

టీవీకి, ప్రొజెక్టరుకు చిత్రాన్నీ ధ్వనినీ అందించే హెచ్‌డీఎంఐ కేబుల్‌ను మాత్రం గోడలో పూడ్చేయవద్దు. 2013లో వచ్చిన 2.0 ప్రమాణం సెకనుకు 18 గిగాబిట్లు మోస్తే, 2017లో వచ్చిన 2.1 దాన్ని 48కి, 2025లో వచ్చిన 2.2 ఏకంగా 96కి పెంచాయి. పన్నెండేళ్లలో ఇన్నిసార్లు మారిన కేబుల్ సిమెంటు వెనుక ఉండిపోతే ఏ రోజుకైనా పాతబడక తప్పదు. దాని బదులు ప్రొజెక్టరు నుంచి పరికరాల అర వరకు వెడల్పాటి పైపు వేయించి, లోపల ఒక నైలాన్ తాడు వదిలేయమని చెప్పండి. కేబుల్ చివర ఉండే ప్లగ్గు సుమారు 2 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది కనుక మామూలు కరెంటు పైపులోంచి అది సులువుగా దూరదు, నిటారుగా మలిచిన మూల దగ్గర ఇరుక్కుపోతుంది. పైపు వెడల్పుగా ఉండాలి, మలుపులు మెల్లగా తిరగాలి. ప్లాస్టరింగ్ మొదలయ్యే ముందు ప్రతి గోడనూ కొలటేపు ఆనించి ఫొటో తీసి పెట్టుకోండి. దానికి ఖర్చేమీ లేదు.

ఈ గోడలోపలి పనుల మొత్తాన్ని ఇంటి రుణంలో కలుపుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. మిగిలినవన్నీ పొదుపుతో, దఫాలుగా కొనవలసినవే. అయితే వాటన్నింటి ఆయుష్షూ ఒక్కటి కాదు. మంచి స్పీకర్లు దశాబ్దాలు నిలుస్తాయి, పాతబడినా వాటి పని అవి చేస్తూనే ఉంటాయి. వాటిని నడిపే ఏవీ రిసీవర్ (చిత్రాన్ని టీవీకి పంపుతూ, ధ్వనిని పెంచి స్పీకర్లకు ఇచ్చే పెట్టె) సంగతి వేరు. ఫుల్ హెచ్‌డీ కన్నా ఎక్కువ వివరం చూపే 4కె చిత్రాలకు హెచ్‌డీసీపీ 2.2 అనే కాపీ రక్షణ వచ్చినప్పుడు, ఆంప్లిఫయర్ భాగం చక్కగా ఉన్న రిసీవర్లు సైతం ఆ రక్షణ తెలియకపోవడం వల్ల చిత్రాన్ని ముందుకు పంపలేక పక్కకు పోయాయి. కాబట్టి ధ్వనికి కేటాయించిన సొమ్ములో పెద్ద వాటా స్పీకర్లకే ఇవ్వండి. కొటేషన్‌లో వాట్లు పెంచి చూపే మోడల్‌కు ఎక్కువ చెల్లించనక్కరలేదు: ఆంప్లిఫయర్ శక్తి రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి శబ్దం రెట్టింపుగా వినిపించాలంటే దాదాపు పది రెట్ల శక్తి కావాలి.

టీవీ విషయంలో కొలటేపు మీకు డబ్బు మిగులుస్తుంది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ లెక్క ప్రకారం ఫుల్ హెచ్‌డీ చిత్రానికి తెర ఎత్తుకు సుమారు 3.1 రెట్లు, 4కెకి 1.6 రెట్లు, 8కెకి 0.8 రెట్లు తగిన దూరాలు. 65 అంగుళాల తెర ఎత్తు సుమారు 81 సెంటీమీటర్లు. అంటే 8కెలోని అదనపు వివరం పూర్తిగా కనిపించాలంటే 65 సెంటీమీటర్ల దూరంలో కూర్చోవాలి! హాల్లో ఎవరూ అలా కూర్చోరు కనుక 8కె పేరున పైసా కూడా అదనంగా పెట్టవద్దని చెబుతాను. 2010 ప్రాంతంలో అందరూ ఎగబడిన 3డీ టీవీలను చివరి పెద్ద తయారీదారులు 2017లో వదిలేశారన్నది గుర్తుంచుకుంటే చాలు.

ఇక ఆటోమేషన్. మీ కొటేషన్‌లో అన్నింటికన్నా జాగ్రత్తగా చూడవలసినది ఇదే, ఎందుకంటే ఇక్కడ పరికరం చెడిపోకపోయినా పనిచేయకుండా పోవచ్చు. రివాల్వ్ అనే హబ్‌ను (ఇంట్లోని స్మార్ట్ పరికరాలన్నింటినీ కలిపి నడిపే పెట్టెను) జీవితకాల సేవ ఉంటుందన్న హామీతో అమ్మారు. ఆ సంస్థను 2014లో గూగుల్‌కు చెందిన నెస్ట్ కొనుగోలు చేసింది, 2016 మే నెలలో సేవను నిలిపివేయడంతో కొన్నవారి ఇళ్లలోని హబ్‌లు పనికిరాకుండా పోయాయి. అలాంటి హబ్‌లే అమ్మిన వింక్ సంస్థ 2020లో అప్పటిదాకా ఉచితంగా ఉన్న సేవకు నెలవారీ చందా విధించింది. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ అనే మరో ఆటోమేషన్ సంస్థ సర్వర్లు చెప్పాపెట్టకుండా ఆగిపోయాయి, ఆ సంస్థను వాడుకదారుల్లోనే కొందరు కొనుగోలు చేసి మళ్లీ నడపవలసి వచ్చింది. కాబట్టి సంస్థను ఒక ప్రదర్శన అడగండి: ఇంటర్నెట్ తీసేసిన తర్వాత లైట్లు, కర్టెన్లు, తాళం పనిచేస్తాయా? మామూలు స్విచ్ నొక్కితే లైటు వెలుగుతుందా? వెలగదంటే ఆ వ్యవస్థ ఎంత చవకైనా వద్దు. 2022 అక్టోబరులో వెలువడిన మ్యాటర్ అనే ఉమ్మడి ప్రమాణాన్ని పాటించే పరికరాలు ఇంటి నెట్‌వర్క్‌లోనే ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి, వేర్వేరు కంపెనీల వ్యవస్థల్లో ఇముడుతాయి కూడా. వైర్ల మీద నడిచే వ్యవస్థే కావాలనుకుంటే, అనేక తయారీదారులు పాటించే కేఎన్‌ఎక్స్ అనే ప్రమాణం ఉంది. దానికి మొదటి ఖర్చు ఎక్కువ, కానీ ఒక కంపెనీ మూతపడితే మరో కంపెనీ స్విచ్ పెట్టుకోవచ్చు.

కొటేషన్‌లో కనిపించని ఖర్చులను కూడా రాసుకోండి. నిర్వహణ ఒప్పందం ఏడాదికి వ్యవస్థ ధరలో 10 శాతం అయితే, పదేళ్లలో మీరు దాన్ని మరోసారి కొన్నట్టే. కెమెరా రికార్డింగుల చందాలు దీనికి అదనం. ఎవరూ వాడనప్పుడు కూడా కరెంటు తాగే పరికరాల సంగతి చూస్తే, నిరంతరం 1 వాటు లాగే పరికరం ఏడాదికి 8.76 యూనిట్లు ఖర్చు చేస్తుంది. అన్నీ కలిసి 60 వాట్లు లాగుతున్నాయనుకుంటే ఏడాదికి 525 యూనిట్లు దాటుతుంది.

వడ్డీ లేని వాయిదాలు ఇస్తామని కూడా మీతో అనవచ్చు. అప్పుడు, ఒకేసారి చెల్లిస్తే ఎంత తగ్గిస్తారో అడగండి. 100 ధర ఉన్న వస్తువును 90కే ఇస్తామంటే, 12 నెలల వాయిదాల్లో 100 కట్టడమంటే ఏడాదికి సుమారు 20 శాతం వడ్డీకి 90 అప్పు తీసుకోవడమే. ప్రాసెసింగ్ రుసుము ఉంటే అది ఇంకా పెరుగుతుంది.

మీ పరిస్థితికి నా సూచన ఇది. చేతిలోని 5 నెలల పొదుపును ఈ పనికి ముట్టుకోవద్దు. కొత్త ఈఎంఐ మొదలవుతోంది కనుక దాన్ని ఆ ఈఎంఐతో సహా 6 నెలల ఖర్చులకు పెంచండి. గోడలోపలి పనులు రుణంలో చేయించండి. ఇంట్లో చేరిన తొలి ఏడాది ఒక నెల జీతానికి మించకుండా టీవీ, దానికి జతగా రెండు మంచి స్పీకర్లు, తప్పనిసరి అనుకున్న కొన్ని లైట్ల స్విచ్చులు కొనుక్కోండి. థియేటర్ గదికి పైపులు, వైర్లు సిద్ధంగా ఉన్నాయి కాబట్టి అది రెండు మూడేళ్లు ఆగగలదు. ఆ లోపు ఆ గదిని మీరు నిజంగా దేనికి వాడుతున్నారో మీకే తెలుస్తుంది. కొన్న ప్రతి పరికరానికీ దాని ఆయుష్షును నెలల్లో లెక్కగట్టి, ధరను ఆ అంకెతో భాగించి, వచ్చిన మొత్తాన్ని వేరే రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. 8 ఏళ్లు వస్తుందనుకున్న టీవీకి నెలకు దాని ధరలో 96వ వంతు. ఈ మొత్తం మీకు భారమనిపిస్తే, ఆ పరికరం మీ స్థోమతకు మించినదని అర్థం.

ఒప్పందం రాసుకునేటప్పుడు చివరి 10 శాతం సొమ్మును ఇంట్లో చేరి నెల రోజులు వాడిన తర్వాతే ఇస్తామని రాయించండి. వైర్లు ఎక్కడెక్కడ వెళ్లాయో చూపే చిత్రం, అన్ని పరికరాల అడ్మిన్ పాస్‌వర్డులు, మీ ఈమెయిల్ పేరనే తెరిచిన ఖాతాలు, కేఎన్‌ఎక్స్ అయితే ఈటీఎస్ (దాన్ని ప్రోగ్రామ్ చేసే సాఫ్ట్‌వేర్) ప్రాజెక్టు ఫైలు మీ చేతికి వచ్చిన తర్వాతే ఆ సొమ్ము విడుదల చేయండి.