గాలాడే పట్టీ, ఒంటికి పడే పట్టీ

సందేహం: గుండె చప్పుడు కొలిచే పట్టీలను ఒంటికి అంటించుకునే రోజులొచ్చాయి. వాటిని ‘శ్వాసించే, చర్మ స్నేహపూర్వక పదార్థాల’తో చేస్తారని చదివాను. ఇది తెలుగేనా?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

సమాధానం: అక్షరాలు తెలుగువే. పట్టీ శ్వాసించదండీ. ‘బ్రీతబుల్’ని మాటకు మాట దించేశారంతే. మే నెలలో కరెంటు పోతే మీ ఊళ్లో ‘గాలాడట్లేదు, ఉక్కపోస్తోంది’ అంటారు గానీ, గది శ్వాసించడం లేదంటారా? ఈ ‘ఆడు’ ఆట కాదు, అడ్డులేని కదలిక. ఊపిరాడుతుంది, నాడి ఆడుతుంది, ఒకటో తారీఖున చేతిలో డబ్బాడుతుంది. పుస్తకాల్లో ‘గాలియాడు’, నోట్లో ‘గాలాడు’. కాబట్టి ‘గాలాడే పట్టీ’.

ఒక్క చిక్కుంది. గాయాల మీద అంటించే పల్చటి పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్ పొరలో నీళ్లు దూరవు, చెమట ఆవిరి మాత్రం మెల్లగా దాటిపోతుంది. దాన్ని ‘ఆవిరి పోయే పొర’ అనాలి. 2017లో టోక్యో విశ్వవిద్యాలయంలో తకావో సొమేయా బృందం చేసినది మాత్రం నిజంగా గాలాడేదే. నీళ్లలో కరిగే పాలీవినైల్ ఆల్కహాల్ అనే ప్లాస్టిక్‌తో తీసిన సన్నటి పోగుల మీద బంగారం పూత పూసి, చర్మంమీద పరిచి, నీళ్లు చిలకరిస్తే పోగులు కరిగిపోయి బంగారు వల అంటుకుని మిగులుతుంది. వారం రోజులుంచినా చర్మం వాయలేదు. (మెష్ అంటే వల అని చేపల రేవున్న ఊరికి నేను చెప్పాలా!)

ఇక ‘స్నేహపూర్వకం’. మనం ‘పడటం’ అంటాం. ‘నాకు వంకాయ పడదు’, ‘గిల్టు గాజులు పడక దద్దుర్లొచ్చాయి’. గిల్టు నగల్లో చాలాసార్లు ఆ పడనిది నికెల్. ఇప్పుడు మీ రబ్బరు వాచీ బెల్టు సాయంత్రం విప్పి చూడండి. కింద చర్మం తెల్లగా నాని, ముడతలుపడి, చెమట వాసన వేస్తుంది. సముద్రపు గాలిలో అసలే తేమ, ఆ పైన బెల్టు మూత, చెమట ఇక ఎటు పోతుంది? ఇది పడకపోవడం కాదు, గాలాడకపోవడం. మొదటిదానికి వస్తువే మార్చాలి, రెండోదానికి కాసేపు విప్పి ఆరనిస్తే చాలు. ‘చర్మ స్నేహపూర్వకం’ ఈ రెండింటినీ ఒకే గాట కట్టేసింది. ‘ఒంటికి పడే, గాలాడే పట్టీ’ అంటే దేనికది తెలుస్తుంది.

పట్టీ అన్న మాట బాగుంది, ఉంచండి. కాకపోతే ‘కాలి పట్టీ’ అని రాసేటప్పుడు మాత్రం జాగ్రత్త, వెండివనుకుంటారు.