మీ ప్రశ్న – నా మాట: తమ్ముడి ఫొటో గురించి మనవరాలికి ఏం చెప్పను?

ప్రశ్న: మాది అవనిగడ్డ దగ్గర పల్లెటూరు. మా అమ్మాయి గ్లాస్గోలో ఉద్యోగం చేస్తూ అక్కడి అబ్బాయినే పెళ్లి చేసుకుంది. అల్లుడు మంచివాడు. వాళ్లమ్మగారిది స్కాట్లాండ్‌లోనే ఉన్న లూయిస్ దీవి. మనవరాలికి ఎనిమిదేళ్లు. బళ్లో తన కుటుంబం గురించి రాసుకుని, బొమ్మ గీసి తెమ్మన్నారట. వీడియో కాల్‌లో మా గోడ మీది పాత ఫొటో చూసి, "అమ్మమ్మా, నీ పక్కనున్న ఆ బాబు ఎవరు?" అని అడిగింది. వాడు నా తమ్ముడు. 1977 ఉప్పెనలో మా నాయనమ్మతో పాటు పోయాడు. అప్పుడు నాకు పద్నాలుగేళ్లు. ఆ ఒక్క ఫొటో విజయవాడలో మా మేనమామ ఇంట్లో ఉండబట్టి మిగిలింది. ఆ రోజు సంగతులు మా అమ్మాయికి కూడా ఎప్పుడూ వివరంగా చెప్పలేదు. "చిన్నపిల్లకి అవన్నీ ఎందుకమ్మా, భయపడుతుంది" అంటోంది తను. వచ్చే వేసవిలో నేను అక్కడికి వెళ్తున్నాను. వియ్యపురాలి ఊరికి కూడా తీసుకెళ్తారట. ఆవిడ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. పాపకి చెప్పమంటారా, వద్దంటారా? ఆవిడతో ఏం మాట్లాడను?
– ఒక అమ్మమ్మ, దివిసీమ

జవాబు: చెప్పండమ్మా, తప్పకుండా చెప్పండి. కాకపోతే ముందు చెప్పాల్సింది మనవరాలికి కాదు, మీ అమ్మాయికి. తుఫాను హెచ్చరిక వచ్చిన రాత్రి అమ్మ ఎందుకు నిద్రపోదో తను చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉండి ఉంటుంది. కారణం మాత్రం ఎవరూ చెప్పలేదు. పాప భయపడుతుందని తను అంటున్న మాటలో సగం తన సొంత భయమేనని నాకనిపిస్తోంది. ఒక మధ్యాహ్నం తీరిగ్గా కూర్చుని, మొదటి నుంచి చివరిదాకా తనకి చెప్పండి. ఆ తర్వాత పాపకి ఎంత చెప్పాలో ఇద్దరూ కలిసి అనుకోవచ్చు.

ఇంత గట్టిగా చెప్పడానికి నాకో కారణం ఉంది. నేను తెనాలిలో పుట్టి పెరిగాను, మా అత్తవారిది లూయిస్ దీవిలో ఉత్తరపు కొసన ఉన్న నెస్ ప్రాంతం. కొత్త కోడలిగా వెళ్లినప్పుడు ఒక విషయం నాకు అంతుబట్టలేదు. స్కాట్లాండ్‌లో డిసెంబర్ 31 రాత్రి చాలా పెద్ద పండగ, హాగ్మనే అంటారు. క్రిస్మస్‌కి 1958 దాకా అక్కడ సెలవు కూడా ఉండేది కాదు, సంబరమంతా కొత్త సంవత్సరానికే. అర్ధరాత్రి దాటాక మొదట గడప తొక్కేది నల్ల జుట్టు మగమనిషైతే ఇంటికి మంచిదని, అతను చేతిలో బొగ్గు ముక్కో తినే వస్తువో పట్టుకుని రావాలని నమ్మకం. మా అత్తవారింట్లో మాత్రం ఆ రాత్రి పెందలాడే దీపాలార్పి పడుకునేవారు. ఎందుకని అడిగితే మా ఆయన, "మా ఇంట్లో అంతే" అనేవారు. ఆయనకీ అంతకు మించి తెలియదు.

అసలు కారణం ఇది. మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయి నౌకాదళంలో పనిచేసిన కుర్రాళ్లు ఇళ్లకు వస్తున్న రోజులవి. అయొలేర్ అనే ఓడలో దాదాపు 280 మంది లూయిస్‌కి బయలుదేరారు. 1919 జనవరి 1, ఇంకా తెల్లవారలేదు. దీవిలోని పెద్ద ఊరు స్టోర్నోవే, దాని రేవు దీపాలు కనిపిస్తున్నాయి. రేవు ముందున్న బీస్ట్స్ ఆఫ్ హోమ్ అనే రాళ్లకు ఓడ కొట్టుకుంది. ఒడ్డు గజాల్లో చెప్పుకునేంత దగ్గర. అయినా 201 మంది పోయారు. నెస్‌కే చెందిన జాన్ ఎఫ్. మెక్‌లాయిడ్ అనే ఆయన తాడు పట్టుకుని ఆ అలల్లో ఈది ఒడ్డెక్కాడు. ఆ తాడు సాయంతో నలభై మంది దాకా బతికి బయటపడ్డారు. యుద్ధంలో అప్పటికే సుమారు వెయ్యి మందిని పోగొట్టుకున్న చిన్న దీవి అది. నాలుగేళ్ల యుద్ధం దాటి వచ్చినవాళ్లు ఇంటి ముందరి నీళ్లలో పోయారు.

ఆ తర్వాత దీవి మొత్తం నోరు మూసుకుంది. బతికినవాళ్లు చెప్పలేదు, పోయినవాళ్ల తల్లులు, పెళ్లాలు చెప్పలేదు. మా అత్తగారి తండ్రికి అప్పుడు పన్నెండేళ్లు. ఆయన అన్న ఆ ఓడలో ఉన్నాడు.

ఈ సంగతి మా అత్తగారు నాకు ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పలేదు. ఇద్దరం డఫ్ చేస్తున్నాం. పిండి, కొవ్వు, చక్కెర, ఎండుద్రాక్ష, దాల్చినచెక్క పొడి కలిపి, గుడ్డలో మూటగట్టి గంటల తరబడి నీళ్లలో ఉడికించే తీపి అది. మనం వాసెన కుడుములకి కుండ మూతికి గుడ్డ కడతామే, అలాగే ఇందులోనూ పనితనమంతా గుడ్డలోనే ఉంది. ముందు గుడ్డని మరిగే నీళ్లలో ముంచి తీసి, పిండేసి, దాని మీద పొడిపిండి చల్లాలి. అప్పుడే ఉడికాక డఫ్‌కి పైన తోలు కడుతుంది. మూట మరీ బిగించకూడదు, లోపల పొంగడానికి చోటు వదలాలి. కుండ అడుగున ఒక పళ్లెం బోర్లించాలి, లేకపోతే అడుగంటుతుంది. నేను గుడ్డ చెంగులు కూడదీసి పట్టుకుంటే ఆవిడ దారం చుడుతున్నారు. చుడుతూ చుడుతూ, తలెత్తకుండా చెప్పారు. వాళ్ల నాయనమ్మ ఆ రాత్రి కొడుకు కోసం కొత్త ఉన్ని మేజోళ్లు పొయ్యి పక్కన వెచ్చబెట్టి ఉంచిందట. ఆ మేజోళ్లు ఏళ్ల తరబడి ఆ ఇంట్లో పెట్టె అడుగున ఉన్నాయట. ఎవరూ తొడుక్కోలేదు, ఎవరూ పారెయ్యలేదు.

తర్వాత మా అబ్బాయికి చెప్తే వాడు అడిగిన మొదటి మాట, "ఆ సాక్సులు ఏ రంగువి?" వాడికప్పుడు తొమ్మిదేళ్లు. భయపడలేదు. నేరుగా వెళ్లి నాయనమ్మనే అడిగాడు. ఆవిడ కాసేపు ఆలోచించి, "మా నాన్నని అడగలేదురా" అన్నారు. ఇప్పుడు అడుగుదామంటే చెప్పగలిగినవాళ్లు ఎవరూ లేరు. మీ తమ్ముడి విషయంలో చెప్పగలిగిన మనిషి మీరు ఉన్నారు. అందుకే ఇంతగా అడుగుతున్నాను.

ఇక పాప సంగతి. తను "ఆ బాబు ఎవరు" అని అడిగింది, "ఎలా పోయాడు" అని అడగలేదు. కాబట్టి ముందు వాణ్ణి పరిచయం చెయ్యండి. పేరేమిటి, మిమ్మల్ని ఏమని పిలిచేవాడు, ఏం పెడితే తినేవాడు, దేనికి పేచీ పెట్టేవాడు, ఏ చెట్టు ఎక్కి దిగనని మొండికేసేవాడు. మొదటి రోజుకి అంతే చాలు. "ఇప్పుడెక్కడున్నాడు" అంటే అబద్ధం చెప్పొద్దు. చుక్కై పోయాడనీ, దేవుడు తీసుకెళ్లాడనీ అనొద్దు. "పెద్ద తుఫాను వచ్చింది, సముద్రం ఊళ్ల మీదికి వచ్చింది, చాలామంది పోయారు, వాడూ పోయాడు, నాకు ఇప్పటికీ గుర్తొస్తాడు" అనండి. సర్కారు లెక్కే పదివేల మంది, కానీ ఆ అంకె ఆ వయసు పిల్లకి అక్కర్లేదు. నీళ్లు తీసిన తర్వాత మీరు చూసినవీ అక్కర్లేదు. అవి మీ అమ్మాయికి, అదీ తను అడిగితేనే. చెప్తుంటే మీకు ఏడుపొస్తే రానివ్వండి. పెద్దవాళ్లు కూడా ఏడుస్తారని, ఏడ్చాక మళ్లీ లేచి అన్నం వండుతారని పిల్లలు చూడటం మంచిదే.

ఆ తర్వాత పాప అడిగే ప్రశ్న నాకు తెలుసు: "మళ్లీ వస్తుందా?" దానికి జవాబు సిద్ధంగా పెట్టుకోండి. ఆ రోజుల్లో మీ ఊరికి కబురు ఎలా అందిందో, ఇప్పుడు రోజుల ముందే హెచ్చరికలు ఎలా వస్తున్నాయో, ఉప్పెన తర్వాత తీరం పొడుగునా తుఫాను షెల్టర్లు ఎలా కట్టారో చెప్పండి. వీలైతే మీ ఊరి షెల్టర్ ఫొటో ఒకటి ఫోన్‌లో తీసుకెళ్లి చూపించండి.

మీ వియ్యపురాలి దగ్గర అయొలేర్ మాట మీరుగా ఎత్తొద్దు. వాళ్లింట్లో ఎవరైనా పోయారో లేదో మనకు తెలియదు. మీ తమ్ముడి ఫొటో తీసుకెళ్లి చూపించండి, వాడెవరో మీ అమ్మాయి చేత చెప్పించండి, అక్కడితో ఆపండి. ఆవిడ మాట్లాడాలనుకుంటే మాట్లాడతారు. ఎక్కువ మాట్లాడరంటే మనిషి ముభావమని అనుకోకండి. ఆవిడ ఇంటి భాష గేలిక్, అంటే ఆ దీవుల పాత భాష, అయి ఉంటుంది. ఆవిడ చదువుకున్న కాలానికి బడి అంటే ఇంగ్లీషే. ఇంగ్లీషులో మనసు విప్పడం మీకెంత కష్టమో ఆవిడకీ అంతే కావచ్చు. పనిలో మాత్రం కలవండి. వంటింట్లో నిలబడి డఫ్ ఎలా చేస్తారని అడగండి. వేసవిలో పొయ్యి కోసం పీట్ అనే నల్లమట్టిని ఇటుకల్లా కోసి ఎండబెడతారు. ఇరుగుపొరుగు కలిసి చేసే పని అది. పేర్చడానికి రమ్మంటే నడుం నొప్పి లేకపోతే వెళ్లండి.

ఒక మాట ముందే చెప్పాలి, ఆదివారం బట్టలు ఉతికి బయట ఆరేయకండి. అక్కడివాళ్లు ఆదివారాన్ని చాలా నిష్ఠగా పాటిస్తారు. స్టోర్నోవేకి ఆదివారం పడవ నడవడం మొదలైందే 2009లో.

పాప బడి పనికి అటు వైపు సమాచారం తేలిగ్గానే దొరుకుతుంది. స్కాట్లాండ్‌లో 1855 నుంచి పుట్టుక, పెళ్లి, చావు నమోదు చెయ్యడం తప్పనిసరి. స్కాట్లాండ్స్ పీపుల్ అనే సర్కారు వెబ్‌సైట్‌లో వెతుక్కోవచ్చు. ఆడవాళ్ల పుట్టింటి ఇంటిపేరు కూడా ఆ కాగితాల్లో ఉంటుంది. ఆ పద్ధతంటే నాకు ఎంతో గౌరవం. దీవిలో కాగితం లేకపోయినా ఫర్వాలేదు, మర్డో కొడుకు జాన్, జాన్ కొడుకు డోనల్డ్ అని తరాలు కలిపి మనిషిని పిలవడం వాళ్లకి అలవాటు. కొత్త పిల్లాడు కనిపిస్తే మన ఊళ్లలో "ఎవరబ్బాయివి రా" అన్నట్టే అడుగుతారు. ఆ వరసంతా మనవరాలికి చెప్పమని మీ వియ్యపురాల్ని అడగండి, ఆవిడ మొహం వెలిగిపోతుంది. మీ వైపు కాగితాలు నీళ్లలో పోయాయి కాబట్టి మీ నోటి మాటే ఆధారం. మీకు తెలిసిన పేర్లన్నీ, ఎవరెవరికి ఏమవుతారో, తెలుగులోనే ఫోన్‌లో రికార్డు చేయించండి. ఫొటో వెనక తమ్ముడి పేరు, ఊరు పెన్సిల్‌తో రాయండి. ఈ పని వేసవి దాకా ఆపకండి.

ప్రశ్న: నేను రిటైరైన టీచర్ని. మెకంజీ కైఫీయత్తులు, అంటే ఆయన సేకరింపజేసిన ఊళ్ల చరిత్రలు, చదువుతున్నాను. ఆయనదీ మీ లూయిస్ దీవేనట కదా? మా తాతగారు ప్రొద్దుటూరు వైపు ఒక ఊరి కరణం. మా ఊరి సంగతి అందులో ఉంటుందా?
– ఏలూరు పాఠకుడు

జవాబు: అవునండీ. కాలిన్ మెకంజీ 1754లో స్టోర్నోవేలో పుట్టారు. 1783లో ఇండియాకి వచ్చి, 1815లో దేశం మొత్తానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యారు. 1821లో ఇక్కడే కన్నుమూశారు, మళ్లీ ఆ దీవి చూడలేదు. కానీ మీ ఉత్తరం ఏలూరు నుంచి వచ్చింది కాబట్టి కావలి సోదరుల్ని ముందు తలుచుకోవాలి. బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి మీ ఊరివాళ్లే. బొర్రయ్య 1803లోనే, చిన్న వయసులో పోయారు. ఊరూరా తిరిగి, కరణాల దగ్గర కవిలెలు (పాత ఊరి లెక్కల పుస్తకాలు) చూసి, గుళ్లలో శాసనాలు రాసుకుని, ముసలివాళ్ల చేత చెప్పించింది ఆ అన్నదమ్ములూ, వాళ్లలాంటి సహాయకులూ. తెలుగు, తమిళం, కన్నడం రాని మెకంజీ ఒక్కరే అయితే అంత సేకరణ జరిగేది కాదు. థామస్ హికీ అనే చిత్రకారుడు 1816లో గీసిన పటంలో ఆయన పక్కన ముగ్గురు భారతీయ సహాయకులు నిలబడి ఉంటారు. లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీకి చెందిన పటం అది. నేను దాన్ని చూసినప్పుడల్లా ముందు వాళ్ల మొహాలే చూస్తాను.

ప్రొద్దుటూరు వైపు అంటున్నారు కాబట్టి మీ పని కొంత సులువే. కడప జిల్లా కైఫీయత్తుల్ని కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం సంపుటాలుగా అచ్చు వేసింది. మీ ఊరి పాత పేరు, అప్పటి తాలూకా పేరు రెండూ కనుక్కుని వెళ్లండి. ఇప్పటి మండలం పేరుతో వెతికితే దొరక్కపోవచ్చు. మీ ఊరిది విడిగా లేకపోతే పక్క ఊళ్లవి కూడా చదవండి, చెరువు తవ్వించినవాడి పేరో, మాన్యం ఇచ్చినవాడి పేరో అక్కడ తగలొచ్చు. తాతగారి చేతిరాత కాగితాలు ఇంట్లో ఏవైనా మిగిలుంటే వాటినీ వెంట తీసుకెళ్లండి.