వేడి తగలకముందే చేయవలసిన పనులు: చేత్తో ముద్ర వేసే పండుగ కార్డులపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: ఈ పండుగకు ఆప్తులందరికీ చేత్తో చేసిన కార్డులే పంపాలని ముప్పై కార్డులు మొదలుపెట్టాను. రబ్బరు స్టాంపుతో పువ్వు ముద్ర వేసి, బంగారు రంగు ఎంబాసింగ్ పొడి చల్లి వేడి చేస్తున్నాను. పువ్వుతో పాటు దాని చుట్టూ కూడా బంగారు చుక్కలు అతుక్కుపోతున్నాయి, కొన్ని గీతలేమో అసలు ఉబ్బడమే లేదు. నా దగ్గర ఉన్నది మామూలు ఇంకు ప్యాడు, జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరు. లోపం ఎక్కడుంది?

జవాబు: మీరు రాసిన దాన్నిబట్టి చూస్తే లోపాలు మూడు ఉన్నాయి, వాటిలో రెండు వేడి తగలకముందే జరిగిపోతున్నాయి. ఎంబాసింగ్ పొడి అంటే వేడికి కరిగి, చల్లారగానే గట్టిపడే సన్నని రెసిన్ రేణువులు. అవి తడి ఇంకును పట్టుకుని నిలవాలి, తక్కిన కాగితం మీద నుంచి జారిపోవాలి. మొదటి లోపం ఇక్కడే: కాగితంలో ఏ కొంచెం స్థిర విద్యుత్తు ఉన్నా, వేళ్ల చెమటో జిడ్డో అంటినా, రేణువులు అక్కడ కూడా నిలిచిపోతాయి. అందుకే ముద్ర వేయడానికి ముందే, పల్చని గుడ్డలో కొద్దిగా టాల్కం పౌడరు మూటకట్టి కాగితమంతటా తేలికగా అద్దాలి. ఆ పౌడరు తేమను పీల్చుకుంటుంది, రేణువులను అంటుకోనివ్వదు.

ముద్ర వేసిన వెంటనే పొడిని ధారాళంగా పోయండి. తరువాత కార్డును నిలువుగా పట్టుకుని వెనుక వైపు వేలిగోటితో రెండు మూడు సార్లు గట్టిగా మీటితే, అక్కరలేని పొడి కింద పరచిన కాగితం మీదికి రాలుతుంది, దాన్ని తిరిగి సీసాలో పోసుకోవచ్చు. ఇంకా మిగిలిన చుక్కలను పొడిగా ఉన్న సన్నని కుంచెతో తీసేయాలి. ఈ పనికి కార్డుకు ఒక నిమిషం పట్టినా విసుక్కోకండి. నేను మొదట్లో ముదురు నీలం కాగితం మీద తెల్ల పొడితో చేసిన కార్డుల్లో సగానికి పైగా ఈ ఒక్క నిమిషం ఆదా చేయబోయి పాడుచేసుకున్నాను. ఒకసారి కరిగిన చుక్కను గోటితో గీకితే దానితో పాటు కాగితం పొర కూడా లేచి వస్తుంది, ఆ మచ్చను ఇక దేనితోనూ కప్పలేము.

రెండవది ఇంకు. రాతకూ మామూలు ముద్రలకూ వాడే డై ఇంకు కాగితంలోకి త్వరగా ఇంకి ఆరిపోతుంది కనుక, మీరు పొడి తీసుకునేలోపే గీతల్లో తడి పోతోంది. పిగ్మెంట్ ఇంకు కాగితం పైనే నిలిచి నిదానంగా ఆరుతుంది, ఎంబాసింగ్ కోసమే తయారయ్యే రంగులేని ఇంకు కూడా అలాంటిదే. బంగారు పొడి కింద ఇంకు రంగు కనిపించదు కాబట్టి ఆ రంగులేని ప్యాడు ఒక్కటి ఉంటే మీకు చాలు. మీ పువ్వులో రేకుల ఈనెల వంటి సన్నని గీతలుంటే, సన్నరకం పొడి అని ప్రత్యేకంగా అడిగి తీసుకోండి, ముతక పొడి అయితే ఈనెలన్నీ కలిసిపోతాయి.

మూడవది వేడి. డ్రయ్యరులో గాలి ఎక్కువ, వేడి తక్కువ, అది పొడిని కరిగించే లోపే ఎగరగొడుతుంది. ఈ పనికి బాగా వేడి గాలిని చిమ్మే హీట్ గన్ తప్పదు. దాన్ని కార్డుకు దూరంగా పట్టుకుని కొన్ని క్షణాలు వేడెక్కనిచ్చి, తరువాత ముద్రకు కొద్ది సెంటీమీటర్ల ఎత్తులో ఒక మూల నుంచి మొదలుపెట్టాలి. అప్పుడు కార్డును ఏటవాలుగా చూడండి: అప్పటిదాకా ఇసుకలా మసకగా ఉన్న పొడి ఒక్కసారిగా తడిసినట్టు నిగనిగలాడి, ఆ మెరుపు గీత వెంట పాకుతూ పోతుంది. మెరుపు వచ్చిన చోట ఇక క్షణం కూడా ఆగకుండా గన్‌ను ముందుకు జరపాలి. అక్కడే నిలిపితే కరిగిన పొడి కాగితంలోకి ఇంకి, ఉబ్బు పోయి నూనె మరకలా మిగులుతుంది. కార్డును వేళ్లతో కాక బట్టల క్లిప్పుతో పట్టుకోండి, కింద చెక్క పలకో టైల్ పలకో ఉంచండి, గన్ మూతి చల్లారేదాకా పిల్లలకు అందనివ్వకండి.

ప్రశ్న: కొత్తగా కొన్న పారదర్శక స్టాంపుతో ముద్ర వేస్తే ఇంకు చుక్కలు చుక్కలుగా విడిపోయి పడుతోంది. స్టాంపే నాసిరకమా?

జవాబు: చాలావరకు కాదు. తయారీలో మిగిలిన జిడ్డు పొర వల్ల కొత్త స్టాంపు ఇంకును నిలుపుకోదు. పెన్సిల్ రబ్బరుతో దాని ముఖాన్ని తేలికగా రుద్ది, రెండు మూడు ముద్రలు చిత్తు కాగితం మీద వేసి చూడండి. కాగితం కింద మెత్తని పలుచని స్పాంజి పరచి, స్టాంపును అటూ ఇటూ ఊపకుండా నిటారుగా నొక్కి నిటారుగానే ఎత్తండి. పని అవగానే తడిగుడ్డతో తుడిచి, ఎండ తగలని చోట దాచండి.

ప్రశ్న: ముద్ర వేసిన బొమ్మలో నీటి రంగులు నింపితే గీతలు చెదిరిపోతున్నాయి. ముందు రంగు వేసి, తరువాత ముద్ర వేయాలా?

జవాబు: ముందు ముద్ర, ఆ వెంటనే ఎంబాసింగ్, ఆ తరువాతే రంగు. కరిగి గట్టిపడిన గీత నీటిని పీల్చదు కనుక పొలం గట్టు నీళ్లను ఆపినట్టు రంగును తన లోపలే ఆపుతుంది. గట్టు మీదికి ఎక్కిన రంగును ఆరకముందే మెత్తని గుడ్డతో అద్ది తీసేయవచ్చు. తెల్ల పొడితో వేసిన ముద్ర మీద కాగితమంతా నీలం పూత పూసి తుడిస్తే, బొమ్మ తెల్లగా తేలి కనిపించే అందం చూసి తీరవలసిందే. ఇందుకు 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువున్న) నీటి రంగుల కాగితమే మంచిది, పలుచని కాగితం తడికి ముడుచుకుంటుంది. గీతలు అచ్చు వేసి రంగులు చేత్తో నింపడం ఈ కళకు మొదటి నుంచీ ఉన్న పద్ధతే. 1843లో లండన్‌లో ప్రభుత్వ అధికారి హెన్రీ కోల్ కోరికపై చిత్రకారుడు జాన్ కాల్‌కాట్ హార్స్‌లీ బొమ్మ గీసిన, తొలి వాణిజ్య క్రిస్మస్ కార్డుగా పేరుపొందిన కార్డును కూడా రాతి అచ్చులో ముద్రించి, రంగులు చేత్తోనే అద్దారు.

ప్రశ్న: హీట్ గన్ లేకుండా ఉబ్బెత్తు బొమ్మ చేయలేమా? కార్డు ఏ కొలతలో ఉండాలి?

జవాబు: చేయవచ్చు. దళసరి స్టెన్సిల్‌ను, అంటే బొమ్మ ఆకారంలో కోసిన రేకును, వెలుతురు పడే కిటికీ అద్దానికి అంటించి, దాని మీద కార్డును బోర్లించి, గుండ్రని మొన ఉన్న కడ్డీతో బొమ్మ అంచుల వెంట నొక్కుతూ పోతే ముందువైపు బొమ్మ ఉబ్బి వస్తుంది. నొక్కే చోట మైనపు కాగితంతో ఒకసారి రుద్దితే మొన చిరగకుండా జారుతుంది. అక్షరాలున్న స్టెన్సిల్ అయితే, వెనుక నుంచి నొక్కుతున్నారు కనుక, మీకు తలకిందులుగా కాక అద్దంలో చూసినట్టు తిరగబడి కనిపించేలా అమర్చుకోవాలి.

కొలతకు వస్తే, ఏ4 కాగితాన్ని సగానికి కోసి, ఒక్కొక్క సగాన్ని మడిస్తే 105 × 148 మిల్లీమీటర్ల కార్డు వస్తుంది. అది 114 × 162 మిల్లీమీటర్ల సీ6 కవరులో హాయిగా ఇముడుతుంది. మడతకు ముందు సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో, స్కేలు ఆనించి గాడి గీయండి. మడిచినప్పుడు గాడి బయటికి, దాని వెనుక లేచిన గట్టు లోపలికి ఉంటే మడత పగలదు. నొక్కి చేసిన ఉబ్బెత్తు బొమ్మ టపాలో అణగిపోతుంది కాబట్టి, తపాలాలో పంపే కార్డులకు పొడి చల్లి వేడితో చేసే ఎంబాసింగ్‌నే ఉంచుకుని, నొక్కుడు బొమ్మలను చేతికిచ్చే కార్డులకు కేటాయించండి.